బరువు తగ్గే ఆపరేషన్: పదో ఏడాది లెక్క

మా వదిన ఆపరేషన్ ఫెయిలైందని మా చుట్టాల్లో చాలామంది అనుకుంటున్నారు. 2018లో స్లీవ్ సర్జరీ చేయించుకునే నాటికి ఆమె బరువు 110 కిలోలు. ఏడాదిన్నర తిరిగేసరికి 74కి దిగింది. అప్పట్లో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా నలుగురు చుట్టూ మూగి ఏ హాస్పిటల్, ఎంతయింది, ఎవరు చేశారు అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఆమె 84 కిలోలుంది. మొన్న పెళ్లికి గుంటూరు వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ ‘అన్ని లక్షలు పోసి పొట్ట కోయించుకుంది, ఏం లాభం, మళ్లీ ఒళ్లొచ్చేసింది’ అంది. వదినకు వినపడేంత దగ్గర్లోనే అంది.

తిరిగొచ్చిన పది కిలోలు అందరికీ కనిపిస్తున్నాయి. తిరిగి రాని ఇరవయ్యారు కిలోలు ఎవరికీ కనిపించడం లేదు. ఈ ఆపరేషన్ దీర్ఘకాలంలో పనికొస్తుందా అన్న ప్రశ్న దగ్గర మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదటి ఏడాది ఫొటో చూసి ఆశపడతాం, ఐదో ఏడాది వేయింగ్ మెషీన్ చూసి నిట్టూరుస్తాం. పదో ఏడాదికి ఒంట్లో ఏం మిగులుతుంది, దానికోసం రోజూ ఏం చెల్లించాలి అన్నది చూస్తే తప్ప ఈ లెక్క తేలదు.

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. వదిన ఆపరేషన్ మాట ఎత్తగానే మా అమ్మకు గుర్తొచ్చింది ఆ వార్తే. కానీ ఈ రెండూ వేరు. లైపోసక్షన్‌లో చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చి తీస్తారు. అది ఒంటి ఆకారం కోసం చేసేది, షుగర్‌ని తగ్గించే వైద్యం కాదు. వదిన చేయించుకున్న లాంటి ఆపరేషన్లలో, అంటే బేరియాట్రిక్ సర్జరీలో, కొవ్వు జోలికి పోరు. తిండి వెళ్లే దారినే మారుస్తారు.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. రెండో పద్ధతి బైపాస్, గుండెకు చేసేది కాదు, పొట్టకు చేసేది. అందులో జీర్ణాశయం పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి తయారుచేసి, దాన్ని చిన్నపేగులో కొంత కిందికి తీసుకెళ్లి కలుపుతారు. తిన్నది జీర్ణాశయంలో పెద్ద భాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా పోతుంది. మన దగ్గర ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ కూడా చాలా చేస్తున్నారు. అన్నీ చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోపీతోనే.

కడుపు చిన్నదవడం ఇందులో సగం కథే. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. స్లీవ్‌లో కోసేసేది ఆ భాగాన్నే. తిండి త్వరగా పేగుల్లోకి చేరడంతో కడుపు నిండిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు పెరుగుతాయి. ‘ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నాకు టిఫిన్ గురించిన ఆలోచన రాకుండా పొద్దుపోయింది’ అని వదిన చెప్పింది. సన్నగా ఉన్నవాళ్లకి ఆ మాట అంతగా ఎక్కదు. ముప్పయ్యేళ్లు నోరు కట్టుకోలేని మనిషినని తనను తాను తిట్టుకున్నావిడకు అది చాలా పెద్ద మాట.

డైటింగ్‌తో తగ్గలేరా అని అడుగుతారు. తగ్గుతారు, నిలబెట్టుకోవడమే కష్టం. బరువు తగ్గితే శరీరం దాన్ని కరువుగా లెక్కేస్తుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు చేసే క్యాలరీలు తగ్గిస్తుంది. అమెరికాలో లుక్ అహెడ్ అనే పెద్ద పరిశోధనలో ఐదు వేలకు పైగా షుగర్ పేషెంట్లను తీసుకుని, సగం మందికి డైటీషియన్లు, వ్యాయామం, కౌన్సెలింగ్ అన్నీ దగ్గరుండి ఇచ్చారు. ఏడాదికి వాళ్ల బరువు సగటున 8.6 శాతం తగ్గింది. సుమారు పదేళ్ల తర్వాత నిలిచింది 6 శాతం. 110 కిలోల మనిషికి అది ఆరేడు కిలోలు. ఏ సామాన్యుడికీ దొరకనంత సాయం అందినా వచ్చిన ఫలితం అది. అందుకే ‘తిండి తగ్గించుకోలేక కోయించుకున్నారు’ అన్న మాట నాకు అన్యాయంగా తోస్తుంది.

బోర్డు మీద ఉండే శాతం, మనం అనుకునే శాతం

హాస్పిటల్ బోర్డుల మీదా వీడియోల్లోనూ ‘60 నుంచి 70 శాతం బరువు తగ్గుతుంది’ అని ఉంటుంది. చదివినవాళ్లు 110 కిలోల్లో 66 కిలోలు పోతాయనుకుంటారు. ఆ శాతం మొత్తం బరువులో కాదు, అదనపు బరువులో. వదిన ఎత్తు 160 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత, 25 రావాలంటే 64 కిలోలుండాలి. అంటే అదనపు బరువు 46 కిలోలు. అందులో 60 శాతం తగ్గితే పోయేది 27.6 కిలోలు, మొత్తం బరువులో నాలుగో వంతు. 110 కాస్తా 82 అవుతుంది. బీఎంఐ 43 నుంచి 32కి వస్తుంది. డాక్టర్ల లెక్కలో అది మంచి ఫలితం. అద్దంలో చూసుకుంటే మనిషి ఇంకా లావుగానే ఉంటుంది. ఈ లెక్క ముందే కాగితం మీద వేసి చూపించకపోతే తర్వాత వచ్చే నిరాశ మామూలుగా ఉండదు.

కాబట్టి సర్జన్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ‘నా మొత్తం బరువులో ఎంత పోతుంది, ఐదేళ్ల తర్వాత అందులో ఎంత నిలుస్తుంది?’

ఇరవై ఏళ్లు వెంట నడిచిన లెక్క

ఈ విషయంలో అందరూ చూసే పరిశోధన స్వీడన్‌ది. 1987లో మొదలుపెట్టి, ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందినీ, అంతే లావుండి మామూలు వైద్యం మాత్రమే తీసుకున్న 2,037 మందినీ పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్ వాళ్ల బరువు రెండేళ్లకు సగటున 23 శాతం తగ్గింది, పదేళ్లకు 17 శాతం దగ్గర నిలిచింది, ఇరవై ఏళ్లకు 18 శాతం. రెండో గుంపు వాళ్ల బరువు ఇరవై ఏళ్లలో ఒక శాతం అటూ ఇటూ, అంతే.

బైపాస్ చేయించుకున్నవాళ్లను విడిగా చూస్తే మొదటి ఒకటి రెండేళ్లలో 32 శాతం తగ్గి, పదేళ్లకు 25 శాతం దగ్గర ఉన్నారు. అంటే కొంత తిరిగి రావడమన్నది ఆపరేషన్ సహజ స్వభావం. తగ్గిన దాంట్లో ఐదో వంతో నాలుగో వంతో వెనక్కి వస్తుందని ముందే లెక్కలో వేసుకోవాలి. మా వదిన 36 కిలోలు తగ్గి పది తిరిగి తెచ్చుకుంది. ఆపరేషన్ లేకపోయుంటే ఆమె ఈరోజు ఎక్కడుండేది అని అడిగితే, స్వీడన్‌లోని ఆ రెండో గుంపు చెప్పే జవాబు 110 దగ్గరే అని. పెళ్లిలో ఆ పెద్దావిడ పోల్చింది 74తో. పోల్చాల్సింది 110తో.

ఆయుష్షు సంగతి. అదే పరిశోధనలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు రెండో గుంపు కంటే సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారని 2020లో ప్రచురించారు. అందులోనే మరో అంకె కూడా ఉంది, దాన్ని ప్రకటనల్లో ఎవరూ వెయ్యరు: మామూలు జనాభాతో పోలిస్తే వాళ్ల ఆయుష్షు ఇంకా ఐదున్నరేళ్లు తక్కువే. ఏళ్ల తరబడి మోసిన బరువు గుండెకూ రక్తనాళాలకూ చేసిన నష్టాన్ని ఆపరేషన్ పూర్తిగా చెరిపెయ్యలేదు. నా దృష్టిలో ఈ రెండు అంకెలూ కలిపి చెబితేనే పేషెంట్‌కి నిజం చెప్పినట్టు.

ఈ పరిశోధనకు పరిమితులున్నాయి. ఎవరికి ఆపరేషన్ అన్నది లాటరీ తీసి నిర్ణయించలేదు. పైగా అందులో ఎక్కువమందికి చేసిన పద్ధతి ఇప్పుడు దాదాపు ఎవరూ చెయ్యడం లేదు, స్లీవ్ అసలు లేదు. స్లీవ్ గురించి చెప్పగలిగేది ఫిన్లాండ్ వాళ్లు. 240 మందిని లాటరీ పద్ధతిలో స్లీవ్‌కీ బైపాస్‌కీ పంచి, పదేళ్ల తర్వాత చూశారు. అదనపు బరువులో స్లీవ్ వాళ్లకు సుమారు 44 శాతం, బైపాస్ వాళ్లకు 52 శాతం తగ్గి ఉంది. తేడా అంత పెద్దది కాదు. కానీ యాసిడ్ పైకి ఎగదన్ని అన్నవాహిక లోపల పుండ్లు పడటం స్లీవ్ వాళ్లలో 31 శాతం, బైపాస్ వాళ్లలో 7 శాతం. ఇప్పటికే ఛాతీలో మంట, పులితేన్పులతో బాధపడేవాళ్లు స్లీవ్‌కి తలూపే ముందు ఎండోస్కోపీ చేయించుకుని ఈ తేడా గురించి గట్టిగా అడగాలి. వదినకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఇప్పుడు రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటుంది.

షుగర్ మాట

బరువు కంటే షుగర్ దగ్గరే ఈ ఆపరేషన్ విలువ ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే చాలామందికి షుగర్ దిగుతుంది. స్వీడన్ లెక్కలో షుగర్ ఉన్నవాళ్లలో 72 శాతం మందికి రెండేళ్లకు అది సాధారణ స్థాయికి వచ్చింది. పదేళ్లకు అలా మిగిలినవాళ్లు 36 శాతం. ఆపరేషన్ లేనివాళ్లలో అదే 21, 13 శాతం. సగం మందికి తిరిగొచ్చింది కదా అనుకోవచ్చు. కానీ కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం లాంటి షుగర్ తాలూకు నష్టాలు ఆపరేషన్ గుంపులో సుమారు సగానికి తగ్గాయి. షుగర్ లేకుండా గడిచిన ఐదారేళ్లు వృథా కావు. ఆ కాలమంతా రక్తనాళాలకు విశ్రాంతి దొరికినట్టే.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మంది షుగర్ పేషెంట్ల మీద లాటరీ పద్ధతిలో చేసిన పరిశోధన ఐదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, 6 లేదా అంతకంటే తక్కువకు తెచ్చుకుని నిలబెట్టుకున్నవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. ‘ఆపరేషన్‌తో షుగర్ మాయం’ అనే ప్రకటనకూ ఈ 29 శాతానికీ మధ్య చాలా దూరం ఉంది. మందులతో వచ్చే 5 శాతానికీ ఈ 29కీ మధ్య కూడా అంతే దూరం ఉంది.

ఎవరికి తగ్గుతుందన్నది చాలావరకు ముందే ఊహించవచ్చు. షుగర్ వచ్చి రెండు మూడేళ్లే అయి, మాత్రలతో నడుస్తున్నవాళ్లకు అవకాశం ఎక్కువ. పదిహేనేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చాలావరకు అలసిపోయి ఉంటాయి. వాళ్లకు డోసు తగ్గొచ్చు, పూర్తిగా పోతుందని ఆశపెట్టకూడదు. క్లోమంలో ఎంత శక్తి మిగిలిందో సీ-పెప్టైడ్ అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. మనవాళ్లు ‘ఇంకా అంత ముదరలేదులే, చూద్దాం’ అని వాయిదా వేస్తుంటారు. ఈ ఒక్క విషయంలో వాయిదా ఎదురుతిరుగుతుంది. ముదిరాక ఆపరేషన్ రిస్కు పెరుగుతుంది, లాభం తగ్గుతుంది.

వదినకు షుగర్ వచ్చి నాలుగేళ్లయ్యాక ఆపరేషన్ అయింది. రెండు రకాల మాత్రలు వేసుకున్నా హెచ్‌బీఏ1సీ 8.9 ఉండేది, ఇన్సులిన్ మొదలుపెడదామని డాక్టర్ అంటున్నారు. తర్వాత నాలుగున్నరేళ్లు షుగర్ మాత్ర ముట్టుకోలేదు. ఇప్పుడు రాత్రిపూట ఒక మెట్‌ఫార్మిన్. మొన్నటి రిపోర్టులో 6.3. గురక పోయింది. మోకాళ్లు పట్టుకుని మేడమెట్లు ఎక్కే మనిషి, 2023లో అలిపిరి మెట్లదారిలో కొండకి నడిచి వెళ్లొచ్చింది.

పళ్లెంలో మారిన లెక్క

ఇక చెల్లించే వైపు. ఆ పెళ్లిలోనే వదిన పక్కన బంతిలో కూర్చున్నాను. ఆకులో ఆమె వడ్డించుకున్నవి రెండు చెంచాల ముద్దపప్పు, కాస్త పనీర్ కూర, ఒక పూర్ణం బూరె. ముందు పనీర్, తర్వాత పప్పు, చివర్లో మూడు ముద్దల పెరుగన్నం. బూరెలో సగం కొరికి వదిలేసింది. ఒక్కో ముద్దా నమిలి నమిలి మింగుతోంది. గ్లాసులో నీళ్లు ముట్టుకోలేదు, తిన్న అరగంటకు గానీ తాగదు. బంతి లేచే సరికి ఆమె ఇంకా పప్పు దగ్గరే ఉంది. పక్క బంతివాళ్లు కుర్చీల వెనక నిలబడ్డారు. వడ్డించే కుర్రాడు ‘ఏం తినలేదేంటమ్మా, బాగోలేదా?’ అని మూడుసార్లు అడిగాడు. ‘బాగుంది నాన్నా, నాకింతే’ అంది. ఏడేళ్లుగా ప్రతి పెళ్లిలో, ప్రతి వ్రతంలో, ప్రతి చుట్టాల ఇంట్లో ఆ మాట చెబుతూనే ఉంది. పెట్టడమే ప్రేమ అయిన మన ఇళ్లలో తినలేకపోవడాన్ని జీవితాంతం సంజాయిషీ చెప్పుకుంటూ మోయడం చిన్న భారం కాదు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ లోపలికి పోవాలి. లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. కప్పు ఉడికిన పప్పులో ఏడెనిమిది. కప్పు అన్నంలో నాలుగు. పూటకు ఒక చిన్న గిన్నెడే పట్టే పొట్టలో, అన్నం చుట్టూ తిరిగే మన భోజనంతో 60 గ్రాములు చేరాలంటే అన్నం పక్కకు జరగాల్సిందే. వదిన పొద్దున రెండు గుడ్లు, మధ్యలో ప్రొటీన్ పౌడర్ కలిపిన మజ్జిగ, మధ్యాహ్నం చికెన్ లేదా చేప, సాయంత్రం పనీర్, రాత్రి పెసరట్టు తింటుంది. శాకాహారులకు ఇది ఇంకా కష్టం. కుదరదని కాదు, పౌడర్ లేకుండా దాదాపు కుదరదు.

పది కిలోలు ఎలా తిరిగొచ్చాయో కూడా ఆమే చెప్పింది. ‘చికెన్ ముక్క నాలుగు తింటే పొట్ట బిగుసుకుపోతుంది. జంతికలు మాత్రం గంటసేపు కొరుకుతూ కూర్చున్నా లోపలికి జారిపోతూనే ఉంటాయి. లాక్‌డౌన్‌లో అదే చేశాను.’ ఐస్‌క్రీమ్, బిస్కెట్లు, మిక్చర్, కూల్‌డ్రింకులకు ఏ ఆపరేషనూ అడ్డుపడదు. కొత్త పొట్ట ఆపగలిగేది ఒకేసారి ఎక్కువ తినడాన్ని. రోజంతా కొంచెం కొంచెం తినడాన్ని ఆపలేదు.

ఏడాది తర్వాత ఎవరూ ఫోన్ చెయ్యరు

నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన సంగతి ఇది. ఆపరేషన్‌కి ముందు వదినకు హాస్పిటల్ నుంచి రోజుకు రెండు ఫోన్లు వచ్చేవి. మొదటి ఏడాది నెలకొకటి. ఆ తర్వాత ఆగిపోయాయి. విటమిన్లు జీవితాంతం వేసుకోవాలని డిశ్చార్జి కాగితంలో ఒక వరుస ఉంది, దాన్ని ఎవరూ వివరించలేదు. బరువు తగ్గింది, ఒంట్లో బాగుంది, మాత్రలు మానేసింది. మూడో ఏడాది అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. చేతిలోంచి గ్లాసులు జారిపోయేవి. పేర్లు మర్చిపోయేది. ఇంటి దగ్గర డాక్టర్ షుగర్ వల్లే అనుకుని నరాలకు మాత్రలు రాశారు. ఎనిమిది నెలలు అలా గడిచాక మరొకరు బీ12 పరీక్ష రాస్తే అసలు సంగతి బయటపడింది. ఇంజెక్షన్లతో చాలావరకు కోలుకుంది. ఎడమ పాదంలో కొంత తిమ్మిరి ఇప్పటికీ ఉంది.

ఎందుకలా జరిగింది? తిండిలోని బీ12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయంలో ఊరే యాసిడ్, దానితో పాటు అక్కడే తయారయ్యే ఒక ప్రొటీన్ కావాలి. జీర్ణాశయంలో పెద్ద భాగం పోయాక రెండూ తగ్గుతాయి. గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే బీ12 పట్టడం ఇంకా తగ్గుతుంది, మెట్‌ఫార్మిన్‌తో కూడా అంతే. శాకాహారం ఎక్కువున్న మన దేశంలో ఆపరేషన్‌కి ముందే బీ12 తక్కువున్నవాళ్లు చాలామంది. ఐరన్, విటమిన్ డీ, కాల్షియంలదీ ఇదే దారి. నెలసరి ఉన్న ఆడవాళ్లకు ఐరన్ లోటు మరీ త్వరగా వస్తుంది.

ఇంకొన్ని సంగతులు ఇంట్లోవాళ్లకు కూడా తెలిసి ఉండాలి. ఆపరేషన్ తర్వాత వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 విటమిన్ అడుగంటి మెదడు దెబ్బతినవచ్చు. చూపు చెదిరినా, నడక తూలినా, మాటల్లో గందరగోళం కనిపించినా అది ఎమర్జెన్సీ. బైపాస్ అయినవాళ్లు ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే పెయిన్ కిల్లర్లు చాలావాటికి దూరంగా ఉండాలి, అతుకు దగ్గర పుండు పడుతుంది. సిగరెట్ కూడా అదే చేస్తుంది. మందు తాగేవాళ్లకు బైపాస్ తర్వాత అది రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది, వ్యసనంగా మారే ముప్పు రెండో ఏడాది నుంచి పెరుగుతుంది. పెళ్లయిన ఆడపిల్లలు ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వెయ్యాలి. బరువు తగ్గగానే, పీసీఓడీ ఉన్నవాళ్లకు కూడా నెలసరి గాడిన పడి అనుకోకుండా గర్భం వస్తుంటుంది, కాబట్టి జాగ్రత్త పడాలి. మొదటి ఆర్నెల్లలో జుట్టు రాలుతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. పిత్తాశయంలో రాళ్లు రావొచ్చు. వేలాడే చర్మం మాత్రం వ్యాయామంతో పోదు.

మనసు గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. అమెరికాలోని యూటాలో బైపాస్ చేయించుకున్న దాదాపు 8,000 మందిని అంతే లావున్న మరో 8,000 మందితో పోల్చారు. మొత్తం మరణాలు ఆపరేషన్ వాళ్లలో 40 శాతం తక్కువ. ప్రమాదాలు, ఆత్మహత్యల్లాంటి జబ్బుతో సంబంధం లేని మరణాలు మాత్రం 58 శాతం ఎక్కువ. సంఖ్యాపరంగా అవి కొద్దివే, లాభం చాలా పెద్దదే. అయినా డిప్రెషన్‌తో ఉన్న మనిషిని బరువు తగ్గితే అదే సర్దుకుంటుందిలే అని ఆపరేషన్ టేబుల్ మీదికి పంపకూడదు. బాధనంతా తిండిలో దాచుకున్న మనిషికి ఆ తిండి కూడా లేకుండా పోతుంది. ముందు సైకాలజిస్టు చూడాలి, తర్వాత కూడా చూస్తుండాలి.

ఆపరేషన్ బల్ల మీద ప్రాణం పోతుందన్న భయం అందరికీ ఉంటుంది. స్వీడన్ పరిశోధనలో మొదటి 90 రోజుల్లో చనిపోయింది నాలుగు వందల మందిలో ఒకరు. అవి ఎక్కువగా పొట్ట కోసి చేసిన రోజులు. అనుభవమున్న చోట ఇప్పుడు అంతకంటే తక్కువే. తేలిగ్గా తీసుకునేంత కాదు, దానికి భయపడి ఆగిపోయేంతా కాదు.

ఎవరికి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. వాళ్లలో ఆపరేషన్ దాకా రావాల్సినవాళ్లు కొద్దిమందే. మనలాంటి ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని షుగర్ వస్తుంది. అందుకే మన సర్జన్లు పాటిస్తూ వచ్చిన హద్దులు పాశ్చాత్యుల కంటే కిందికుంటాయి: షుగర్, బీపీ, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉంటే బీఎంఐ 32.5, ఏమీ లేకపోతే 37.5. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి.

ఇన్సూరెన్స్ మాత్రం వేరే భాష మాట్లాడుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన నిబంధనల ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగర్ లాంటివి ఉండాలి, వేరే పద్ధతుల్లో తగ్గే ప్రయత్నం విఫలమై ఉండాలి. బీఎంఐ 33తో షుగర్ ఉన్న మనిషికి డాక్టర్ దృష్టిలో ఆపరేషన్ సబబే, క్లెయిమ్ మాత్రం రాదు. డబ్బు కట్టే ముందు పాలసీలో ఈ వాక్యాలు వెతికి చదవాలి, వెయిటింగ్ పీరియడ్ ఎంతో కూడా చూసుకోవాలి. ఆపరేషన్ ఖర్చుతో పాటు ప్రతి నెలా ప్రొటీన్, విటమిన్లు, ఏటా పరీక్షల ఖర్చు కలిపి పదేళ్లకు లెక్కేసుకోవాలి. అది మొయ్యలేని కుటుంబం అప్పు చేసి ఆపరేషన్ వరకూ వెళ్తే, ఆగిపోయేది మూడో ఏడాది విటమిన్ దగ్గరే.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో (అందులోని మందు టిర్జెపటైడ్), జూన్‌లో వెగోవీ (సెమాగ్లూటైడ్) అమ్మకానికొచ్చాయి. పరిశోధనల్లో సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున సుమారు 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో 21 శాతం దాకా బరువు తగ్గింది. ఇది చిన్న సంగతి కాదు. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లకు ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అంటే ఇవి కూడా బీపీ మాత్రల్లా ఏళ్ల తరబడి వాడేవే. స్వీడన్ లాంటి ఇరవై ఏళ్ల లెక్క వీటికి ఇంకా లేదు. నా సొంత అభిప్రాయం: బీఎంఐ 30-35 మధ్య ఉండి షుగర్ కొత్తగా వచ్చినవాళ్లు డాక్టర్ పర్యవేక్షణలో ముందు ఇంజెక్షన్ ప్రయత్నించడం సబబు. 40 దాటి షుగర్, ఆప్నియా ఉన్నవాళ్లు ఇంజెక్షన్ల పేరుతో ఏళ్లు జరిపెయ్యకుండా సర్జన్‌ని కూడా కలవాలి. తిరిగొస్తున్న బరువును ఆపడానికి ఆపరేషన్ అయినవాళ్లకు కూడా ఈ మందులు వాడుతున్నారు.

నేను గట్టిగా వద్దనేది ఒకే సందర్భంలో. పెళ్లి సంబంధాలు కుదరడం లేదని, ఏ జబ్బూ లేని పాతికేళ్ల పిల్లను తల్లిదండ్రులు బలవంతంగా తీసుకెళ్లడం. వదిన ఆపరేషన్‌కి ముందు వెయిటింగ్ హాల్లో అలాంటి కుటుంబాన్ని చూశాను. డాక్టర్ ఏమడిగినా తల్లే జవాబు చెబుతోంది. ఆ పిల్ల జీవితాంతం తినే ప్రతి ముద్దా మారిపోతుంది, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

పెళ్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో మా పిన్నిగారి అమ్మాయి వదినను అడిగింది. దానికి 34 ఏళ్లు, 104 కిలోలు, షుగర్ వచ్చి రెండేళ్లు. ‘వదినా, నిజం చెప్పు, మళ్లీ వెనక్కెళ్తే చేయించుకుంటావా?’

‘చేయించుకుంటాను. బీ12 మాత్రం మొదటి రోజు నుంచే వేసుకుంటాను’ అంది వదిన. తర్వాత దాని ఫోన్ తీసుకుని ఏటా చేయించుకోవాల్సిన పరీక్షల లిస్టు టైపు చేసి ఇచ్చింది: బీ12, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ), విటమిన్ డీ, కాల్షియం, పారాథైరాయిడ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), హెచ్‌బీఏ1సీ, రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ. ‘సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇది చూపించి, అయిదో ఏడాది ఇవన్నీ ఎవరు చూస్తారో అడుగు. జవాబు చెప్పలేకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను’ అంది.